కాంక్రీటుకి నొప్పి తెలిస్తే సరా?

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా చేతికిచ్చిన మొదటి పరికరం ఖరీదు ఐదు రూపాయలు. పటాలు కట్టే షాపులో కోయించిన గాజు ముక్క అది. జానెడు పొడవు, బొటనవేలంత వెడల్పు. డెల్టాలో ఒక కాలువ మీద పాత వంతెన ఉండేది. దాని గర్డరు (బరువు మోసే దూలం) పక్కన ఏటవాలుగా ఒక బీట కనబడింది. "దాని మీద గాజు పెట్టి రావయ్యా" అన్నారు మా పై అధికారి డి.ఈ. గారు. నిచ్చెన వేయించుకుని ఎక్కి, బీటకి అడ్డంగా గాజు ఆనించి, రెండు చివర్లా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ ముద్దలు పెట్టి, పక్కనే పెన్సిలుతో తేదీ రాసి దిగాను. బీట కదిలితే గాజు విరుగుతుంది. లెక్క అంతే. గాజు సాగదు, వంగదు, మొహమాటపడదు.

లాకుల దగ్గర కాపలా ఉండే లస్కరుకి వారానికోసారి చూడమని చెప్పాను. నాలుగు నెలలకి సైకిలేసుకుని ఆఫీసుకే వచ్చాడు. "గాజు ఇరిగిపోయిందండి. నేనేం ముట్టుకోలేదండి బాబూ." నేను పైకి ఉత్తరం పెట్టాను. ఉత్తరం తన దారిన తాను నడిచింది. ఈలోగా ఆ రోడ్డు మీదుగా ఎవరో పెద్దలు వస్తున్నారని వంతెనలన్నిటికీ సున్నం కొట్టించారు. తనిఖీకి వెళ్లినవాళ్లతో నేనూ వెళ్లాను. తెల్లటి గర్డరు మీద తెల్లటి గాజు, విరిగిన గీతలో కూడా సున్నం. కొట్టినవాడెవడో పనిమంతుడు. గాజు అంచుల వెంట కుంచె జాగ్రత్తగా తిప్పాడు, ఒక్క బొట్టు కారనివ్వలేదు. నా పెన్సిలు తేదీ మాత్రం కనబడలేదు. బీటలేవీ లేవని ఆ రోజు నోటు రాశారు.

వంతెన కూలలేదు. చాలా ఏళ్లు అలాగే నిలబడింది. పక్కన కొత్తది కట్టాక పడగొట్టారు. కూలి ఉంటే పేపర్లే రాసేవి, నేను చెప్పక్కర్లేకపోయేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన వేసవిలో ఎం.టెక్ చదివే మా మేనల్లుడు సెలవులకొచ్చి, "మావయ్యా, కాంక్రీటే సెన్సారు అయిపోతే ఇంక నీ గాజు ముక్కలకి పనేముంది?" అన్నాడు. వాడి ప్రాజెక్టు అదే. తన మీద పడే బరువుని, తనలో పడే పగులుని తానే కనిపెట్టే కాంక్రీటు. పేపర్లవాళ్లు దీనికి స్మార్ట్ కాంక్రీటని పేరు పెట్టేశారు. ఆ మాట నాకు నచ్చదు. ఈ కాంక్రీటుకి తెలివేం లేదు, ఒంటికి స్పర్శ ఉంది, అంతే. ఆ స్పర్శ నిజమేనా, నిజమైతే దేనికి పనికొస్తుంది అని వాడితో పెట్టుకున్న వాదం ఇంకా తెగలేదు. నా వైపు వాదన ఇక్కడ రాస్తున్నాను.

ముందు స్పర్శ సంగతి. వాడు సంచిలో కార్బన్ ఫైబర్ తెచ్చాడు, కరెంటు పారనిచ్చే సరుకు. అరసెంటీమీటరు ముక్కలు. మంగలి షాపు నేల మీద పడే వెంట్రుకల్లా ఉంటాయి, నలుపు మాత్రం ఇంకా ఎక్కువ. మామూలు సిమెంటు నీళ్లలో వేస్తే చిక్కుపడిన జుట్టులా ఉండలు కట్టేస్తాయి. అందుకని నీళ్లలో మిథైల్ సెల్యులోజ్ అనే జిగురు పొడి ముందే కరిగించాలి, సిలికా ఫ్యూమ్ అనే అతి మెత్తటి పొడి కలపాలి. మోర్టార్ టెస్టుకి వాడే 70.6 మిల్లీమీటర్ల క్యూబు అచ్చులు నా దగ్గరున్నాయి. ఘనపరిమాణంలో అర శాతం ఫైబర్ అంటే ఒక్కో క్యూబుకి మూడు గ్రాముల పైచిలుకు. మా ఆవిడ బంగారం తూచుకోవడానికి కొన్న చిన్న కాటా ఆ రోజుకి ఎరువు తీసుకున్నాం. రాగి జాలీ ముక్కలు నాలుగు నిలువుగా గుచ్చి, పోసి, మర్నాడు అచ్చు విప్పి, బకెట్లో నీళ్లలో ఇరవై ఎనిమిది రోజులు ఊరబెట్టాం.

తీసి మల్టీమీటరు పెడితే అంకె నిలబడదు! ఎవరూ ముట్టుకోలేదు, బరువు పెట్టలేదు. నిరోధం, అంటే కరెంటుకి క్యూబు పెట్టే అడ్డు, అలా పెరుగుతూనే పోతోంది. మేనల్లుడి మొహం చూడాలి. విషయం ఏమిటంటే, మల్టీమీటరు పంపేది ఒకే దిశలో నడిచే కరెంటు. కాంక్రీటు సందుల్లో నీరుంటుంది, ఆ నీటిలో అయాన్లుంటాయి. పల్లెవెలుగు బస్సు ఆగగానే జనమంతా తలుపు దగ్గర మూగినట్టు, అవన్నీ వెళ్లి రాగి జాలీ దగ్గర పేరుకుంటాయి. పేరుకున్నకొద్దీ దారి బిగుస్తుంది. దీనికి మందు రెండు రకాలు. అటూ ఇటూ మారే కరెంటు వాడటం ఒకటి. బయటి రెండు జాలీల గుండా కరెంటు పంపి, లోపలి రెండిటి మధ్య వోల్టేజి కొలవడం రెండోది. వాడు కాలేజీ నుంచి అటూ ఇటూ మారే కరెంటుతో కొలిచే ఎల్‌సీఆర్ మీటరు తెచ్చాక అంకె కుదురుకుంది.

తర్వాత తెలిసిన వాళ్ల టెస్టింగ్ ల్యాబుకి పట్టుకెళ్లాం. ప్రెస్సు పలకలు ఇనుపవి కాబట్టి పైనా కిందా ప్లాస్టిక్ షీటు ముక్కలు పెట్టాం, లేకపోతే కరెంటు అటు పారిపోతుంది. కొంచెం బరువు ఎక్కించాం, నిరోధం తగ్గింది. దించాం, దాదాపు మొదటి అంకెకే తిరిగొచ్చింది. పదిసార్లు ఎక్కించి దించాం, పదిసార్లూ అదే తంతు. ఇంక చాల్లే, పగలగొట్టేద్దామన్నాను. బరువు పెరుగుతున్నకొద్దీ అంకె దిగుతోంది. ఒక దశలో దిగడం మందగించింది. ఆగింది. మెల్లగా పైకి ఎక్కడం మొదలెట్టింది. క్యూబు వైపు చూశాను. మొహం మీద ఒక్క గీత లేదు. ఆపరేటరు కుర్రాడు కూడా వంగి చూసి, "ఏం లేదు సార్, ఇంకా పడుతుంది" అన్నాడు. కాసేపటికి టప్పుమంది.

నా సర్వీసులో కొన్ని వేల క్యూబులు పగలగొట్టించి ఉంటాను. ముందుగా కబురు పెట్టిన క్యూబు అదొక్కటే. కాబట్టి ఇదంతా ల్యాబు గారడీ అని కొట్టిపారేసేవాళ్ల పక్షాన నేను లేను.

ఇందులోని కిటుకు పాతదే. తీగని సాగదీస్తే దాని నిరోధం మారుతుందని 1856లోనే కెల్విన్ గమనించాడు. 1938లో అమెరికాలో ఇద్దరు, సిమన్స్, రూజ్, ఎవరికి వారు ఆ సూత్రంతో సాగుడుని కొలిచే స్ట్రెయిన్ గేజి తయారుచేశారు. ఇప్పటికీ వంతెనల మీద జిగురుతో అంటించేవి వాటి వారసులే. ఆ జిగురు మన తేమకీ ఎండకీ ఎన్నేళ్లు ఆగుతుంది? వంతెనేమో వందేళ్లుండాలి. బఫెలో విశ్వవిద్యాలయంలో డెబొరా చుంగ్, ఆవిడ శిష్యుడు పు-వోయ్ చెన్ కలిసి 1993లో వేరే దారి చూపించారు. సెన్సారుని అంటించడం దేనికి, కాంక్రీటునే సెన్సారు చేసేద్దామన్నారు. చిన్న చిన్న కార్బన్ ఫైబర్ ముక్కలు కలిపితే ఒత్తిడికి, పగులుకి కాంక్రీటు నిరోధమే మారుతుందని చూపించారు. ఆ తర్వాత చైనా, ఇటలీ, అమెరికా, ఎక్కడెక్కడో కార్బన్ నానోట్యూబులు, కార్బన్ బ్లాక్, నికెల్ పొడి, గ్రాఫీన్ అన్నీ కలిపి చూశారు, చూస్తున్నారు.

వానాకాలం మా పాత ఇంటి ముందు బురదలో ఇటుకలు వేసేవాళ్లు, కాలు తడవకుండా గడప చేరడానికి. ఇటుకలు మరీ తక్కువైతే దాటలేం. మరీ ఎక్కువైతే ఒకటి జరిగినా మనకి పట్టదు, ఇంకో దాని మీద అడుగేస్తాం. సరిగ్గా సరిపడా వేస్తే మాత్రం ఒక్కటి జరిగినా అక్కడే తెలిసిపోతుంది. సిమెంటు లోపల ఫైబర్ పని కూడా ఇదే. కరెంటుకి అవి అడుగులు. ఒకదానికొకటి తగలక్కర్లేదు, అతి సన్నని ఖాళీ ఉంటే కరెంటు దూకేస్తుంది. నొక్కితే ఖాళీలు తగ్గి దారి సులువవుతుంది. లాగితే దారి కష్టమవుతుంది. పగిలితే దారి తెగిపోయి అంకె పెరుగుతుంది, బరువు దించినా పాత చోటికి రాదు. ఆ రాకపోవడమే అసలు వార్త. లోహపు రేకు గేజికి సున్నితత్వం, అంటే సాగుడుకి ఎన్ని రెట్లు నిరోధం మారుతుందనే అంకె, రెండు అయితే, దీనికి ల్యాబుల్లో వందల్లో కూడా నమోదైంది.

ఇంతవరకు నేనూ మేనల్లుడూ ఒకే మాట. తగువు ఇక్కణ్ణుంచి.

మా అమ్మమ్మ మోకాలు వాన చెప్పేది. "మోకాళ్లు లాగుతున్నాయర్రా, వడియాలు తీసెయ్యండి" అనేది, చాలాసార్లు నిజమయ్యేది. కానీ నీళ్ల బిందె మోసినప్పుడూ అదే మోకాలు లాగేది, మెట్లెక్కినప్పుడూ అదే. నొప్పి ఒక్కటే, కారణాలు మూడు. కాంక్రీటుదీ ఆ మోకాలే. తడిస్తే నిరోధం తగ్గుతుంది, ఆరితే పెరుగుతుంది. ఎండకి మారుతుంది, వయసుకి మారుతుంది. మే నెల మధ్యాహ్నం నుంచి జూలై ముసురు దాకా వంతెన ఒంట్లో వచ్చే మార్పు ముందు, దాని మీదుగా పోయిన ఒక లారీ తెచ్చే మార్పు ఏ మూలకి? లారీది క్షణంలో వచ్చి పోతుంది కాబట్టి విడదీయొచ్చు. పగులు అలా కాదు. తుప్పు లోపలి నుంచి ఏళ్ల తరబడి మెల్లగా తోసుకొస్తుంది. ఋతువులూ మెల్లగానే మారతాయి. రెండు మెల్లదనాలని విడదీయాలంటే పక్కనే బరువు పడని జంట క్యూబు ఒకటి ఉండాలి, ఉష్ణోగ్రత, తేమ కొలతలుండాలి, అన్నిటికన్నా ముందు వంతెన ప్రారంభించిన రోజు నుంచీ రాసిపెట్టిన లెక్క ఉండాలి. పుట్టిన టైమే తెలియకుండా జాతకం వేసేదెలా?

మన దగ్గర పాత వంతెనలకి డ్రాయింగులే దొరకవు. ఇది వెటకారం కాదు. రిపేరు అంచనా వెయ్యడానికి వెళ్లి, లోపల ఎన్ని ఊచలున్నాయో తెలియక వాటి మీది కాంక్రీటు పొర చెక్కించి లెక్కపెట్టిన రోజులు నాకున్నాయి.

వంతెన మొత్తం దీంతోనే పోసేద్దామనేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క. ఘనమీటరు కాంక్రీటులో అర శాతం అంటే ఐదు లీటర్లు. కార్బన్ ఫైబర్ సాంద్రత నీటికి 1.8 రెట్లు, అంటే ఘనమీటరుకి 9 కిలోలు. వెయ్యి ఘనమీటర్ల ఓ మోస్తరు వంతెనకి 9 టన్నులు. అదీ విమానాల తయారీలో వాడే సరుకు. పైగా కార్బన్, ఇనుము ఒకే తడిలో ఒకదానికొకటి తగిలితే బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో తినబడేది ఇనుమే. ఊచలకి తుప్పు పట్టిందో లేదో చూడటానికి కలిపింది తుప్పునే పెంచితే ఏం చెప్పుకోవాలి? ఇంకోటి, ఊచలు నిండా ఉన్న చోట కరెంటు ఊచల గుండానే పోతుంది, కాంక్రీటు మాట వినబడదు. అందుకే ఈ రంగంలో ఆరితేరినవాళ్లు వంతెనంతా కలపరు. మా క్యూబు లాంటి బిళ్లలు చేసి, ముఖ్యమైన చోట్ల పోతలో పాతిపెడతారు. అది సరైన దారి. సెంట్రింగు మేస్త్రీకి ఎలక్ట్రికల్ బాక్సు పెట్టడం ఎలా వచ్చో ఇదీ అలా వచ్చేస్తుంది. పోతని కుదిపే వైబ్రేటరు సూది దాని మీద పెట్టకుండా ఆపడం ఒక్కటే కష్టం.

మేనల్లుడికి నచ్చని నా ప్రతిపాదన ఇప్పుడు చెబుతాను. ఈ కాంక్రీటుని ముందు తన ఆరోగ్యం చూసుకోవడానికి కాదు, లారీలు తూచడానికి వాడాలి.

ఇది నా సొంత ఊహ కాదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బావోగువో హాన్, షున్ యూ బృందం 2009లో నానోట్యూబులు కలిపిన సిమెంటుతో వాహనాలు కనిపెట్టొచ్చని చూపించింది. తర్వాత ఆ రాష్ట్రపు ప్రయోగాల రోడ్డు, ఎమ్ఎన్ రోడ్‌లో, రోడ్డు పలకలోనే వాటిని పెట్టి వాహనాలు నడిపించి చూశారు. చక్రం మీదికి రాగానే అంకె ఉలిక్కిపడుతుంది, దిగగానే సర్దుకుంటుంది. క్షణంలో జరిగిపోయేది కాబట్టి అక్కడ అమ్మమ్మ మోకాలు సమస్య సగానికి సగం పోతుంది. ఇంకో సుఖం ఉంది. వంతెన చెప్పింది నిజమో కాదో తేలడానికి ఇరవై ఏళ్లు ఆగాలి. లారీ బరువు నిజమో కాదో రోడ్డు పక్కన వేబ్రిడ్జి మీద పది నిమిషాల్లో తేలిపోతుంది. రోజూ తప్పొప్పులు దిద్దుకోగలిగిన చోటే కొత్త పరికరాన్ని నమ్మడం నేర్చుకోవాలి. గాజు ముక్కని నేను నమ్మానంటే, అది విరగడం ముందే వందసార్లు చూసి ఉన్నాను కనక.

పైగా మనం తెలుసుకోవలసిన మొదటి సంగతే లారీ బరువు. 1958 నుంచి 1960 వరకు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఆషో (అక్కడి రోడ్డు అధికారుల సంఘం) రోడ్డు పరీక్ష జరిగింది. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం దాదాపు పదహారు రెట్లని అందులో తేలింది. నష్టం బరువుకి నాలుగో ఘాతంలో పెరుగుతుందన్నమాట. 2018లో మన కేంద్ర ప్రభుత్వం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకి పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5కి పెంచింది. ఎంతో కాదనిపిస్తుంది. నాలుగో ఘాతం వేసి చూడండి, నష్టం అరవై శాతం పైన పెరుగుతుంది. ఇది రోడ్డు పలకల లెక్క, వంతెనకి లెక్క వేరు, నిజమే. అక్కడా దిశ అదే. ఇదంతా చట్టం ఒప్పుకున్న బరువు సంగతి. రాత్రి పదకొండు దాటాక టార్పాలిన్ కప్పుకుని, నీళ్లు కారుతూ పోయే ఇసుక లారీ ఎంత మోస్తోందో ఎవరికి తెలుసు? తడి ఇసుక పొడి ఇసుకకన్నా ఎంత బరువో దాన్ని ఎత్తిన కూలీకి తెలుసు. వంతెనకి తెలుసు. తెలియనిది మన రికార్డుకి.

మేనల్లుడు ఒప్పుకోలేదు. "నువ్వు చెప్పేది కాటా, మావయ్యా. నేను చెప్పేది ప్రాణాల సంగతి. డ్రెస్డెన్ చూడు" అన్నాడు.

డ్రెస్డెన్‌ దగ్గర నా నోటికి తాళం పడింది, దాచడమెందుకు. 2024 సెప్టెంబరు 11న తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో జర్మనీలోని ఆ ఊళ్లో కరోలా వంతెనలో ట్రాములు నడిచే వరుస ఎల్బె నదిలోకి కుంగిపోయింది. కొద్ది నిమిషాల ముందే చివరి ట్రాము దాటింది. ఎవరూ చనిపోలేదు, అదొక్కటే అదృష్టం. కాంక్రీటు లోపల బిగించిన ప్రీస్ట్రెస్సింగు ఉక్కు తీగలు హైడ్రోజన్ వల్ల లోలోపలే చిట్లాయి. ఆ చేటు కట్టుబడి రోజుల్లోనే మొదలైందని నిపుణులు తేల్చారు. 1971లో పూర్తయిన వంతెన యాభై ఏళ్లు ఆ రోగాన్ని కడుపులో పెట్టుకుంది. బయట చూస్తే తెలిసేది కాదు. సుత్తితో తట్టినా తెలిసేది కాదు. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి శబ్దం వింటామే, కాంక్రీటునీ మేం అలాగే తట్టి వింటాం. పై పొర డొల్లబోతే డబ్ మంటుంది. జానెడు లోతున తీగ తెగితే ఆ తట్టుడుకి ఏం తెలియదు. ఇలాంటి వంతెనలకి లోపల ఒక చెవి ఉండి తీరాలి, వాడి మాట నిజం. అయితే ఆ చెవి కార్బన్ ఫైబర్ బిళ్ల కావాలా, తీగ తెగినప్పుడు వచ్చే చప్పుడు పట్టే మైకులాంటి సెన్సారు కావాలా అన్నది వేరే వాదం. డ్రెస్డెన్‌లో మిగిలిన వరుసలకి తర్వాత పెట్టింది రెండో రకమే.

కానీ మిగతావి చూడండి. 2007 ఆగస్టు 1న అదే మిన్నెసోటాలో, మిన్నియాపొలిస్‌లో, ఐ-35డబ్ల్యూ వంతెన కూలి 13 మంది పోయారు. ఉక్కు వంతెన. దూలాలు కలిసే చోట ఉండే గసెట్ ప్లేట్లు ఉండాల్సిన మందంలో సగమే ఉన్నాయి. అవి వంగి ఉండటం 2003లో తీసిన ఫొటోల్లోనే కనబడుతోందని దర్యాప్తులో తేలింది. ఫొటో తీసినవాళ్లున్నారు, ఫొటో ఉంది. ఇటలీలోని జెనోవాలో 2018 ఆగస్టు 14న మొరాండి వంతెన కూలి 43 మంది చనిపోయారు. అక్కడ కేబుళ్లని తుప్పు పట్టకుండా కాంక్రీటు తొడుగులో దాచారు. ఆ తొడుగే తుప్పుని కూడా దాచింది. 11వ టవరు కేబుళ్లకి 1990లలోనే బయటినుంచి అదనపు ఉక్కు కట్టారు, అంటే రోగం తెలుసు. కూలింది 9వ టవరు. ముందు ఏడాది మిలాన్ పాలిటెక్నిక్ వాళ్లు కంపనాలు కొలిచి, ఆ టవరు కేబుళ్ల తీరు తేడాగా ఉందని, ఇంకా పరీక్షించాలని రాసిచ్చారు కూడా.

మా లస్కరు సైకిలేసుకుని ఇరవై కిలోమీటర్లు రావడంలో లోపమేమీ లేదు. తర్వాత జరిగిందే నన్ను తినేస్తోంది.

మేడిగడ్డ గురించి అడగందే తెలుగువాళ్లెవరూ వదలరు కనక ఒక మాట. 2023 అక్టోబరు 21న ఆ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు (స్తంభాలు) కుంగాయి. పునాది కింద ఇసుక కొట్టుకుపోయిందని జాతీయ డ్యాం భద్రతా సంస్థ రాసింది. ఆ పియర్లని మా మేనల్లుడి కాంక్రీటుతో పోసి ఉన్నా, కాళ్ల కింద ఇసుక జారుతోందని వాటికి మొదట్లో తెలిసేది కాదు. పునాది కదిలి, పియరులో ఒత్తిడి మారాకే అంకె కదిలేది. అక్కడ కావలసింది నేల నీటి ఒత్తిడి కొలిచే పీజోమీటరు, వరద తగ్గగానే దిగువకెళ్లి చూసే కళ్లు. ముందు వచ్చిన వరదలకే దిగువన సీసీ బ్లాకులు (కాంక్రీటు దిమ్మలు) కొట్టుకుపోయిన చోటది. కాంక్రీటుకి ఎంత స్పర్శ నేర్పినా, అది తన ఒంటి సంగతే చెబుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు కథ పాంబన్‌ది. రామేశ్వరం వెళ్లే పాత రైలు వంతెన 1914 నాటిది, ఓడలు పోవడానికి మధ్యలో తెరుచుకునేది. ఐఐటీ మద్రాసు వాళ్లు దానికి సెన్సార్లు పెట్టారు. 2022 డిసెంబరులో అవి ప్రమాదమని చెప్పాయి. రైళ్లు ఆపేశారు. అంతే, ఆపేశారు! యాత్రికులు మండపం స్టేషన్లోనే దిగి రోడ్డు దారిన వెళ్లారు. ఆ పాత వంతెన మీద మళ్లీ ప్రయాణికుల రైలు నడవలేదు, 2025 ఏప్రిల్లో కొత్త వంతెన ప్రారంభమయ్యేదాకా రామేశ్వరానికి రైలే లేదు.

రైల్వేకి ఇది ఎందుకు చేతనైందని నేను చాలా ఆలోచించాను. మా ఊరి స్టేషను దగ్గర కీమ్యాన్‌ని చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. భుజాన సుత్తి, చేతిలో చుట్టిన ఎర్రజెండా. రోజూ పట్టాల వెంట నడిచి బిగువు చూసుకుంటూ పోతాడు. జీతం చాలా చిన్నది. కానీ పట్టా విరిగి కనబడితే ఆ మనిషి ఎవరినీ అడగక్కర్లేదు. ఎదురెళ్లి జెండా విప్పితే రాజధాని ఎక్స్‌ప్రెస్ అయినా ఆగాలి. ఎందుకాపావని తర్వాత అడుగుతారు. పాంబన్ సెన్సారు వెనక ఆ నూరేళ్ల అలవాటుంది, అంకె ఎర్రగీత దాటగానే ఏం చెయ్యాలో ముందే రాసి ఉంది. రోడ్డు వంతెన దగ్గర ఆ జెండా ఎవరి చేతిలో ఉంది? లస్కరు చేతిలో లేదు. నా చేతిలో లేదు. మా డి.ఈ. గారి చేతిలో కూడా లేదు, ఆయన పైకి రాయాలి. వంతెన మూస్తే ఆర్టీసీ బస్సు చుట్టు తిరగాలి, ధాన్యం లారీలు ఆగుతాయి, మిల్లులవాళ్లు ఫోన్లు చేస్తారు, ఊళ్లో మీటింగు పెడతారు. మూసినవాడు జవాబు చెప్పుకోవాలి. మూయనివాణ్ణి, వంతెన కూలేదాకా, ఎవరూ ఏమీ అడగరు.

సెన్సారు వస్తే ఇది మారుతుందని మేనల్లుడి నమ్మకం. అంకె కంప్యూటర్లో ఉంటుంది, దానికి సున్నం కొట్టలేరు కదా అంటాడు. సున్నం కొట్టడానికి సున్నమే అక్కర్లేదురా అన్నాను. హెచ్చరిక వచ్చే హద్దు కాస్త పైకి జరిపితే చాలు. రెండుసార్లు వానకి అలారం మోగితే మూడోసారి దాని నోరు నొక్కేస్తారు, ఆ నొక్కినవాణ్ణి తప్పుపట్టలేం కూడా. అందుకే లారీల కాటా అంటున్నాను. అంకె నిజం చెబుతుందని ఊళ్లో అందరికీ వేబ్రిడ్జి సాక్షిగా ముందు రుజువవ్వాలి. ఆ తర్వాత ఫలానా అంకె దాటితే సెక్షన్ ఇంజనీరే గేటు వేసేయొచ్చని, తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవచ్చని ఒక్క పేజీ ఉత్తర్వు రావాలి. ఆ పేజీ లేకుండా కొనే సెన్సార్లు ప్రారంభోత్సవం నాడు స్క్రీన్ మీద చూపించడానికి బావుంటాయి. ఆ పేజీ ఉంటే నా ఐదు రూపాయల గాజు కూడా చాలా వంతెనలకి సరిపోతుంది.

"ఆ పేజీ రావాలంటే ముందు అంకె ఉండాలి కదా మావయ్యా" అన్నాడు వాడు. దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. చేతిలో అంకె లేకుండా ఏ అధికారీ అలాంటి కాగితం మీద సంతకం పెట్టడు. ఆ మేరకు వాడిదే పైచెయ్యి.

సెలవులయ్యాక వెళుతూ పగలకుండా మిగిలిన ఒక క్యూబుని, పాత ఎల్‌సీఆర్ మీటరుని నా దగ్గరే వదిలి, రోజూ పొద్దున్నే ఒక రీడింగు రాయమన్నాడు. క్యూబు వంటింటి కిటికీ గట్టు మీద ఉంది, దాని మీద ఏ బరువూ లేదు. రీడింగులు గోడ క్యాలెండరులో పాల లెక్క పక్కనే రాస్తున్నాను. రెండు నెలలయ్యాక ఒకరోజు చూస్తే కొన్ని గళ్లలో నా అంకెల కింద ఎర్ర పెన్నుతో చిన్న చిన్న గొడుగులున్నాయి. అంకె తగ్గిన రోజులన్నిటికీ ఉన్నాయి. నేను రాయని రెండు రోజులకి కూడా మా ఆవిడ గొడుగు వేసింది.